నా పాదాలు చేసిన ఉద్యోగం

మా ముత్తాతగారు ఒక సంస్థానానికి దివాను. రాజుగారు వేటకు వెళ్ళినన్ని రోజులూ రాజముద్ర ఆయన దగ్గరే ఉండేది. రాజుగారు ఏడాదిలో పది నెలలు వేటలోనే ఉండేవారు కనక మా ముత్తాతగారు ఎంతటివారో మీరే గ్రహించవచ్చు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, అదే సంస్థానంలో ఖజానా అధికారి. ఆయన దాటుతుంటే బజారులో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. ఇక మా నాన్నగారు దివానుగారి మనవడు. అంతే, అదే ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆయన ఒక్కరోజు సెలవు పెట్టకుండా, ఎంతో శ్రద్ధగా చేశారు. జమీందారీలు రద్దయ్యాక కూడా మానలేదు.

నా వంతు వచ్చేసరికి భూములు పోయాయి, నౌకర్లు పోయారు, నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటి మిగిలింది. మా నాయనమ్మ మమ్మల్ని గోడకు ఆనుకోనిచ్చేది కాదు. "ఆనుకునేవాళ్ళు వేరే ఉంటారు" అనేది. నాకిప్పుడు డెబ్బై దాటాయి. నేటికీ బస్సులో సీటుకు ఆనుకోను. కండక్టర్లు నన్ను చూసి టికెట్ల తనిఖీ అధికారి అనుకుని భయపడ్డ సందర్భాలున్నాయి.

ఉద్యోగంలో చేరే పిల్లల్ని ఈమధ్య "మీలో ఉన్న ప్రత్యేకత ఏమిటి?" అని అడుగుతారట. మా మనవరాలు చెప్పింది. నన్ను ఎవరూ అడగలేదు, వాళ్ళే కనిపెట్టారు. నా ప్రత్యేకత నా పాదాలు. వాటి పుణ్యాన ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. ఆ సంగతే చెబుతాను.

డెబ్బైల నాటి మాట. అప్పటికి రాయగడ జిల్లా లేదు, అంతా కోరాపుట్ జిల్లాయే. పద్మపూర్‌కు కాస్త ఎడంగా, కొండ కింద, ఒక ధర్మాసుపత్రి ఉండేది. పెద్దరోగానికి మందిచ్చే ఆసుపత్రి. కుష్ఠు అనడానికి నోరు రాక అందరూ పెద్దరోగం అనేవారు. అందులో నాకు స్టోర్‌కీపరు పని దొరికింది. "రోగుల మధ్య ఉద్యోగమా?" అని ఇంట్లో అడిగితే, "ఆసుపత్రి భాండాగారానికి అధికారిని" అని చెప్పాను. మా తాతగారి ఉద్యోగానికి దగ్గరగా వినబడాలని.

చేరిన వారానికే హెడ్ సిస్టర్ పిలిపించారు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఆవిడది. వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద. నవ్వితే కళ్ళజోడు ముక్కు చివరకు జారేది. నన్ను మొదటిరోజు నుంచీ "దివాన్ గారూ" అనే పిలిచారు. మొదటి రెండు రోజులూ అది గౌరవమే అనుకున్నాను.

"దివాన్ గారూ, చెప్పుల షెడ్డులో ఒక మనిషి సాయం కావాలి. రోజుకు రెండు గంటలు. మీరు వెళ్ళాలి."

"సిస్టర్ గారూ, తోలుపని మా ఇంటావంటా లేదండీ."

"పెద్దరోగం మాత్రం ఎవరి ఇంటావంటా ఉంది? వెళ్ళండి."

ఆ షెడ్డు గురించి కొంచెం చెప్పాలి. పెద్దరోగం మందులకు తగ్గుతుంది. కానీ అది తిన్న స్పర్శ తిరిగి రాదు. పాదంలో ముల్లు దిగినా తెలియదు, నిప్పు మీద కాలేసినా తెలియదు. తెలియనివాడు అదే కాలితో పది మైళ్ళు నడుస్తాడు. పుండు పడుతుంది, ఎముక దాకా వెళుతుంది, చివరకు పాదం పోతుంది. దానికి మందు మెత్తటి చెప్పు. లోపల స్పాంజిలాంటి నల్ల రబ్బరు, అడుగున లారీ టైరు ముక్క, పైన తోలుపట్టీ, మడమ జారకుండా వెనక ఇంకో పట్టీ. ఒక్క మేకు కూడా వాడకూడదు. అంతా మైనం పట్టించిన దారంతో కుట్టాలి.

అవి చేసేవాడు మేస్త్రి. శ్రీకాకుళం పక్క పల్లెవాడు. ఒకప్పుడు ఇదే ఆసుపత్రిలో రోగి. రోగం పూర్తిగా తగ్గి సర్టిఫికెట్టు పుచ్చుకుని ఊరికి వెళితే, ఊరివాళ్ళు పొలిమేరలోనే ఆపేశారు. సొంత అన్న వచ్చి, "నువ్వు బాగుంటే సాలురా, అక్కడే బాగుండు" అని వెనక్కి పంపాడు. అప్పటి నుంచి షెడ్డే అతని ఇల్లు. వేళ్ళు సగానికి సగం అరిగిపోయాయి. మిగిలిన వాటితో తోలుకు బెజ్జంపెట్టే ఆరె పట్టుకుంటే, మన పది వేళ్ళూ సిగ్గుపడాలి.

నేను వెళ్ళి నిటారుగా నిలబడ్డాను. అతను నా మొహం చూడలేదు, కాళ్ళే చూశాడు.

"బాబూ, తమరి కాళ్ళకి తెలుస్తాదా?"

"ఏం తెలుస్తుంది?"

"రాయో, ముల్లో, పట్టీ బిగుసుకుంటే నొప్పో. తెలుస్తాదా?"

"తెలియకేం!"

అతని మొహం ఎలా విప్పారిందంటే, నాకు ఏదో బిరుదు ఇస్తాడేమో అనుకున్నాను. "అయితే సాలు బాబూ. తమరు నాకు దేవుడిచ్చిన కాళ్ళు."

ఆ షెడ్డులో పని జరిగే పద్ధతి మరెక్కడా ఉండదు. చెప్పు తొడుక్కునేవాడికి స్పర్శ లేదు, ఎక్కడ ఒత్తుతోందో చెప్పలేడు. కుట్టినవాడికీ స్పర్శ లేదు. కాబట్టి స్పర్శ ఉన్న మనిషి ఒకడు ప్రతి జతనూ ముందుగా తొడుక్కుని, షెడ్డు నుంచి నుయ్యి దాకా, నుయ్యి నుంచి మందుల గది దాకా నడిచి వచ్చి చెప్పాలి. ఎడమ బొటనవేలి దగ్గర ఒత్తుతోంది, కుడి మడమ కింద గరుకుగా ఉంది, అలాగ. నా పాదం పట్టని సైజు అయితే చెయ్యి దూర్చి తడమాలి. మా ముత్తాతగారి పాదాలకు జనం సాష్టాంగపడేవారని విన్నాను. ఆయన మునిమనవడి పాదాలను ఆసుపత్రివాళ్ళు జీతానికి పెట్టుకున్నారు.

కాళ్ళతో ఆగలేదు. నెల తిరిగేలోగా ఆరె నా చేతికొచ్చింది. నేను వెన్ను నిలబెట్టుకునే కుట్టబోయాను. బెజ్జం పట్టీలో పడక నా పంచెలో పడింది.

"బాబూ, నడుం వంచాల. తోలు మన దగ్గరకి రాదు, మనవే దాని దగ్గరకి ఎల్లాల."

వంచాను. నలుగురూ చూడకుండా తలుపు దగ్గరగా వేసి వంచాను. మొదటిసారి నేను కుట్టిన పట్టీ నిలిచినప్పుడు కలిగిన సంతోషం మాత్రం దాచుకోలేకపోయాను. ఆ చెప్పు పట్టుకుని మందుల గదికి వెళ్ళి సిస్టర్‌కు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రెండో కాలిది?" అన్నారు.

ఇక నా తప్పు చెబుతాను. దాన్ని దాటేసి మంచి మాటలు చెబితే మీరు నన్ను నమ్మకూడదు.

ఒకరోజు మా మేనమామగారి వియ్యంకుడు గుణుపురానికి పనిమీద వచ్చి, నన్ను చూడడానికి ఆసుపత్రికి వచ్చాడు. ఆయన ఎదుట రోగుల చెప్పులు తొడుక్కుని నూతి దాకా నడవడానికి నాకు మనసొప్పలేదు. ఆ జత పక్కన పెట్టి, "నడిచి చూశాను, బాగానే ఉన్నాయి" అని మేస్త్రికి చెప్పేశాను. అవి ఒక ముసలావిడకు వెళ్ళాయి. నాలుగు రోజుల తర్వాత ఆవిడ కొండ దిగి వచ్చింది, నవ్వుతూనే. వెనక బాట మీద ఎర్రటి అడుగులు. ఆవిడకు తెలియనే తెలియదు.

మేస్త్రి నన్ను తిట్టలేదు. ఆ చెప్పు విప్పదీసి, లోపల పొరపాటున మిగిలిన దారపు ముడి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. మినపగింజంత ఉంది. "ఇది తమరికి తగిల్తే అబ్బా అంటారు బాబూ. ఆ ముసిల్దానికి తగిల్తే ఎవులంటారు? తమరే గదా దాని నోరు."

ముసలావిడ ఆరు వారాలు మంచం మీద ఉంది. నా తప్పేనని ఎలా తెలిసిందో తెలిసిపోయింది. రోజూ నాచేత పొగాకు చుట్ట తెప్పించుకుని, అది వెలిగించి ఇచ్చేదాకా నన్ను కదలనిచ్చేది కాదు. సిస్టర్ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. "మందులకన్నా మీ చుట్టే పని చేస్తోంది దివాన్ గారూ" అన్నారొకసారి. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళలో నేను నడవని జత ఒక్కటి కూడా షెడ్డు దాటలేదు.

చెప్పులు బాగా కుదిరేవి. కానీ తొడుక్కునేవాళ్ళు లేరు. అదీ మా బాధ.

ఎందుకంటే అలాంటి నల్లటి, మందపాటి, వెనక పట్టీ ఉన్న చెప్పులు ఇంకెవరూ వేసుకోరు. అవి కాలికుంటే పెద్దరోగం అని పది బారల దూరం నుంచి చాటింపు వేసినట్టే. రోగులు దండం పెట్టి తీసుకునేవారు, ఇంటికి వెళ్ళి చూరులో దోపేసేవారు. ఒక ఊళ్ళో మా చెప్పులు గుమ్మానికి దిష్టికోసం వేలాడుతున్నాయి. ఇంకో ఊళ్ళో పొలంలో దిష్టిబొమ్మకు తొడిగి ఉన్నాయి. కాకులేవీ వాలడం లేదని ఆ రైతు మమ్మల్ని మెచ్చుకున్నాడు కూడా.

పెద్ద డాక్టరుగారు ఒకనాడు షెడ్డుకు వచ్చి, మేస్త్రి ఎదురుగానే మాట తేల్చారు. "ఈసారి జీపు సంతలన్నీ తిరిగి వస్తుంది. జీపులో తీసుకెళ్ళిన చెప్పులు తీసుకెళ్ళినట్టే వెనక్కి వస్తే షెడ్డు మూసేస్తాను. రబ్బరు ఎక్కడెక్కడినుంచో దానంగా తెప్పించి కాకుల్ని తోలలేను."

డాక్టరుగారు వెళ్ళాక మేస్త్రి ఆరెకు నూనె రాస్తూ కూర్చున్నాడు. షెడ్డు మూస్తే నీ సంగతేమిటని నేను అడగలేదు. అతని అన్న అన్నమాట నాకు తెలుసు.

బయలుదేరాం. జీపులో నలుగురం. సిస్టర్, మేస్త్రి, నేను, విజయనగరం పక్కనుంచి వచ్చిన డ్రైవరు. వెనక నలభై జతల చెప్పులు, మాత్రల డబ్బాలు, అక్కడికక్కడే కుట్టి ఇవ్వడానికి రబ్బరు షీట్లు, టైరు ముక్కలు, తోలు. గుణుపురం, రాయగడ, ఆపైన ఘాటీ ఎక్కి కోరాపుట్, జయపురం, చివరగా బొయిపరిగుడ. ప్రతి సంతలో ఓ మూల ఆగడం, రోగులకు మాత్రలివ్వడం, చెప్పులివ్వజూపడం.

కార్తీకమాసం. కొండలు కడిగి ఆరేసినట్టున్నాయి. ఘాటీ రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడల్లా సిస్టర్ "ప్రభువా!" అనేవారు, డ్రైవరు "నానున్నానమ్మా" అని జవాబిచ్చేవాడు. మేస్త్రి పదేళ్ళుగా ఆసుపత్రి గేటు దాటలేదు. కనబడిన ప్రతి లోయకూ "ఓలమ్మ! ఓలమ్మ!" అంటూనే ఉన్నాడు. ఒకచోట పసుపుపచ్చగా పూసిన వలిసె చేలు కొండ అంచు దాకా కనబడితే, జీపు ఆపించి దిగి, చూసి, మళ్ళీ ఎక్కి, "ఇంక షెడ్డు మూసీసినా ఫరవాలేదు" అన్నాడు. మేమెవరమూ నవ్వలేదు. రెండు మైళ్ళు పోయాక అతనే నవ్వాడు.

కానీ ఏ సంతలోనూ చెప్పులు కదల్లేదు. మాత్రలు తీసుకునేవారు, చెప్పులు చూసి తలలు అడ్డంగా ఊపేవారు. జయపురం దాటేసరికి ముప్పై తొమ్మిది జతలున్నాయి. పోయిన ఒక్క జతా కుక్క ఎత్తుకుపోయింది.

బొయిపరిగుడకు వెళ్ళే దారిలో ఒక వాగు అడ్డొచ్చింది. వానలు వెనకబట్టినా మోకాలి లోతు నీళ్ళున్నాయి. జీపు నడుమకు వెళ్ళి దగ్గి ఆగిపోయింది. ముగ్గురూ దిగి తొయ్యడం మొదలెట్టారు. నేను ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాను. కాళ్ళకు మద్రాసు పంపు షూ, కొత్తవి, ఆ ఏడే కొనుక్కున్నవి.

"దివాన్ గారూ, రాజుగారి ఆజ్ఞ కావాలా దిగడానికి?" నీళ్ళలోంచి సిస్టర్ అరిచారు. చీర కుచ్చెళ్ళు నడుంలో దోపుకుని బండి వెనకాల ఆవిడ భుజం పెట్టి ఉన్నారు.

సిగ్గేసింది. బూట్లు విప్పి, బానెట్టు మీద జాగ్రత్తగా పక్కపక్కన పెట్టి, దిగాను. డ్రైవరు ఎక్కి స్టీరింగు పట్టాడు, మిగతా ముగ్గురం కలిసి ఒక్క ఊపు తోశాం. జీపు గాండ్రించి ముందుకు దూకింది. నా బూట్లు రెండూ గాల్లో లేచి, నీళ్ళలో పడి, ఒకదాని వెనక ఒకటి, పెళ్ళివారి పడవల్లా సాగిపోయాయి.

డ్రైవరు చెయ్యి అడ్డంపెట్టుకుని చూశాడు. "బాబూ, ఇలగే ఎల్తే కొలాబులో కలుస్తాయి. అక్కణ్ణించి శబరి, ఆపైన గోదారి. మన బాబు జోళ్ళు తీర్థయాత్రకి ఎల్తన్నాయి."

సిస్టర్‌కు నవ్వు ఆగలేదు. జీపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నన్ను చూసి, మళ్ళీ నవ్వారు. మేస్త్రి మర్యాదకు కొండవైపు తిరిగాడు గానీ భుజాలు ఊగుతున్నాయి. చివరికి నేనూ నవ్వాను. ఆ వాగులో అంతలా నవ్వినట్టు జీవితంలో మళ్ళీ నవ్వలేదు.

నవ్వు అయ్యాక సమస్య మిగిలింది. మా ఇంట మగవాడు బజారులో ఉత్త కాళ్ళతో నడిచిన దాఖలా లేదు.

"వెనకాల ముప్పై తొమ్మిది జతలున్నాయి. మీ పాదం పట్టేవి మీకు తెలియవా?" అన్నారు సిస్టర్.

ఆసుపత్రి ఆవరణలో వందల జతలు తొడుక్కున్నవాణ్ణి. ఆవరణ బయట ఒక్కసారీ తొడుక్కోలేదు. ఉత్త కాళ్ళా, రోగుల చెప్పులా? వాగు ఒడ్డున రాయి మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. తొడుక్కున్నాను.

బొయిపరిగుడ సంత నిండుగా ఉంది. మేం ఓ మూల గోనెపట్టా పరిచి చెప్పులు పేర్చాం. మాత్రలకోసం వచ్చిన ఏడెనిమిది మంది రోగులు చింతచెట్టు అవతల, జనానికి ఎడంగా కూర్చున్నారు. వాళ్ళలో అల్లం అమ్ముకునే ఒకావిడ ఉంది. కుడిపాదానికి గుడ్డ చుట్టి ఉంది. సిస్టర్ ఆ గుడ్డ విప్పి చూసి, నవ్వు మొహం మార్చేసుకున్నారు. "వచ్చే వేసవి దాకా ఆగితే ఈ పాదం ఉండదు" అన్నారు నాతో, మెల్లగా.

మేస్త్రి ఆవిడ కొలతకు సరిపోయే జత తీసి ముందు పెట్టాడు. ఆవిడ ఆ కొండలవాళ్ళు మాట్లాడే దేశియాలో ఏదో అంది. తెలుగులో చెప్పాలంటే, "ఇవి వేసుకుంటే నా అల్లం ఎవరు కొంటారు? ఈ పాదం పోతే ఇంకో పాదం ఉంది. సంత పోతే నాకింకో సంత లేదు." చెప్పులు వెనక్కి తోసింది. మేస్త్రి వాటిని తిరిగి వరసలో పెట్టాడు.

నేనక్కడ నిలబడలేక సంతలోకి నడిచాను. నిటారుగానే. ఉప్పు, ఎండుచేపలు అమ్మే టోకు వ్యాపారి ఒకాయన గద్దె మీంచి నన్ను చూసి, కళ్ళు చికిలించి, గభాలున దిగి వచ్చాడు. మా పక్క మనిషే.

"తమరు దివానుగారి వంశం కారూ? ఆ నడకే సెప్తంది! మా తాత తమరి తాతగారికి ఎన్ని దణ్ణాలు పెట్టేడో!" అంటూ నా కాళ్ళవైపు వంగాడు. వంగినవాడు అక్కడే ఆగిపోయాడు. "ఇవేటి బాబూ, ఈ జోళ్ళు? ఎక్కడా సూళ్ళేదే?"

బూట్లు వాగులో పోయాయని చెప్పవచ్చు. నా నోటికి అది రాలేదు. దివానుగారి మునిమనవడి జోళ్ళు ఎండుచేపల బస్తాల మధ్య జాలిపాలవడం నాకు ఇష్టం లేకపోయింది.

"మా ఇంట్లో మగవాళ్ళం ఇవే వేసుకుంటాం. పనిగట్టుకుని కుట్టించినవి" అన్నాను, గడ్డం కొంచెం ఎత్తి.

"మెత్తగా ఉంటాయా?"

"పట్టుపరుపు మీద నడిచినట్టు." అది మాత్రం నిజం. ఆ మాట చెప్పడానికి నాకంటే అర్హుడు ఆ జిల్లాలో లేడు.

వ్యాపారి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సంతల్లో నిలబడే మనిషి. మడమలు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. "నాకో జత ఇప్పించండి బాబూ" అని వెంటపడ్డాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. తీసుకొచ్చి గోనెపట్టా దగ్గర నిలబెట్టాను. సిస్టర్‌కు సంగతి అర్థమై, "అబద్ధమాడారు కదూ?" అన్నారు గుసగుసగా.

"మా ఇంట్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. నేను వేసుకున్నాను. అబద్ధమెక్కడుంది?"

అంతలో మేస్త్రి కాగితం పరిచి, పెన్సిలు పట్టుకుని, "కాలు ఎట్టండి బాబూ" అన్నాడు. వ్యాపారి కాలు ఎత్తాడు. ఆ చేతిని చూశాడు. కాలు గాల్లోనే ఆగింది. వెనక్కి తీసుకున్నాడు.

"ఈ సేతుల్తోటా కుట్టేరు?"

అతని వెనక ఉన్న ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు. సిస్టర్, "రోగం తగ్గి పదేళ్ళయింది, అంటదు, సర్టిఫికెట్టు ఉంది" అని చెప్పబోయారు. ఎవరూ వినడం లేదు. చింతచెట్టు కింద అల్లం ఆవిడ తల దించేసుకుంది. మేస్త్రి పెన్సిలు కింద పెట్టి, చేతులు తువ్వాలు కిందికి తీసుకున్నాడు. షెడ్డు అక్కడే, ఆ నిమిషానే మూతపడిందని నాకు తెలిసిపోయింది.

ఏం చేస్తున్నానో ఆలోచించి చెయ్యలేదు. గోనెపట్టా మీద మేస్త్రి పక్కన కూర్చున్నాను. నడుం వంచాను. "సరే, నేను కొలుస్తాను. కాలు ఇలా పెట్టండి" అని వ్యాపారి పాదం రెండు చేతుల్తో పట్టుకుని కాగితం మీదికి లాగాను.

అతను వేసిన కేకకు కోళ్ళబుట్టలు కదిలాయి. "బాబూ! బాబూ! తమరు నా కాలు ముట్టుకోడమేటి! దివానుగారి రక్తం నా కాలు పట్టుకుంతే నా వంశానికి పాపం సుట్టుకుంతాది! వదలండి బాబూ!"

"కొలత తియ్యాలి కదా."

"వద్దు, వద్దు! ఆ మేస్త్రీనే పట్టనీండి! మేస్త్రీ, ఇలగ రా నాయనా, నువ్వు పట్టుకో, బాబు సేతుల్లోంచి ఇడిపించు!"

పాదం వదల్లేదు నేను. "మేస్త్రి చేతులంటే అభ్యంతరం లేదుగా?"

"ఏటీ లేదు! ఏటీ లేదు! తల్లి సేతుల్లాటివి!"

అప్పుడు వదిలాను. మేస్త్రి తువ్వాలు కింద నుంచి చేతులు తీసి, ఆ పగిలిన మడమను తన అరిగిన వేళ్ళ మధ్య పెట్టుకుని, పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు. గీత ఎక్కడా వంకర పోలేదు. సంత అంతా వంగి చూసింది. చెప్పు కుట్టడం పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. చివరకు వ్యాపారి తొడుక్కుని నాలుగడుగులు వేసి, ఆగి, ఇంకో నాలుగు వేసి, "ఓలమ్మ! నా కాళ్ళు ఎక్కడికెల్లిపోనాయి?" అని అరిచాడు.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పడం నా వల్ల కాదు. అటవీశాఖ గార్డు వచ్చాడు. లాఠీతో కానిస్టేబులు వచ్చాడు. బెల్లం వ్యాపారి తన భార్యకూ తనకూ ఒకేలాంటివి కావాలన్నాడు. ఒక గ్రామ నాయకుడు ఒక చెప్పు ఇప్పుడిచ్చి ఇంకోటి వచ్చే సంతకిమ్మని బేరమాడాడు. డ్రైవరు టైర్లు కోస్తున్నాడు. నేను కుట్టి, నడిచి, "ఎడమది ఒత్తుతోంది" అని అరిచి, మళ్ళీ కుట్టాను. కొన్నవాళ్ళలో సగం మంది చేతిలో ఉన్న సరుకే ఇచ్చారు. సిస్టర్ ఒక చేత్తో మాత్రలు పంచుతూ ఇంకో చేత్తో రెండు కోళ్ళు పట్టుకున్నారు. రాగుల బస్తా, చింతపండు బుట్ట, ఎండుచేపల మూట, ఒక పొట్టేలు. ఆ పొట్టేలు మేస్త్రి దారపు ఉండ మేయబోతే అతను దానితో, "నీకూ కావాలేటి? నాలుక్కాళ్ళకి నాలుగు సెప్పులు, నా వల్ల కాదు" అన్నాడు. ఆ రోజంతా అతను మాట్లాడినన్ని మాటలు నేను అంతకుముందు రెండేళ్ళలో వినలేదు.

ఎండ వాలే వేళకు అల్లం ఆవిడ లేచి వచ్చింది. గోనెపట్టా మీది జతను చూసింది. ఎదురుగా ఉన్న కానిస్టేబులు కాళ్ళు చూసింది, బెల్లం వ్యాపారి భార్య కాళ్ళు చూసింది, నా కాళ్ళు చూసింది. అన్నీ ఒకటే. ఏమీ అనకుండా తొడుక్కుంది. బుట్ట నెత్తిన పెట్టుకుని సంత ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఎవరూ తిరిగి చూడలేదు. మళ్ళీ ఇటు నడిచి వచ్చింది. దారిలో ఎవరో పిలిచి అల్లం కొన్నారు.

మిగతా రోగులు ఆవిడ వెనకే వచ్చారు. తిరుగుదారిలో జయపురం, కోరాపుట్, రాయగడ సంతల్లో కూడా అదే పద్ధతి సాగింది. ముందు నేను నడవడం, తర్వాత ఊరి పెద్దలు, ఆ తర్వాత రోగులు.

ఆసుపత్రి గేటు దగ్గర డాక్టరుగారు జీపు వెనక గుడ్డ ఎత్తి చూశారు. చెప్పులు ఒక్క జత కూడా లేవు. పొట్టేలు తల బయటపెట్టి ఆయన కోటు వాసన చూసింది. సిస్టర్ అంతా చెప్పారు, నా అబద్ధంతో సహా. ఆయన మీసం దువ్వుకుని, "మేస్త్రీ, వానాకాలంలోగా షెడ్డు కప్పు బాగుచేయించుకో" అని లోపలికి వెళ్ళిపోయారు. మేస్త్రి షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మాకు తెలియలేదు. సిస్టర్ నన్ను చూసి, "వెళ్ళి అడగరాదూ?" అన్నారు. నేను వెళ్ళలేదు.

చెప్పులకు అంత గిరాకీ వచ్చేసరికి మేస్త్రి వేళ్ళు చాలలేదు. తోలు కుట్టే మిషను ఒకటి కావలసి వచ్చింది. ఆసుపత్రిలో దానికి డబ్బు లేదన్నారు. ఆ వేసవిలో సెలవు పెట్టి ఊరికి వెళ్ళి, మా కొట్టుగదిలో పడి ఉన్న ముత్తాతగారి పల్లకీని అమ్మేశాను. పార్వతీపురంలో పెళ్ళిళ్ళకు అద్దె సామాను ఇచ్చే ఆయన కొనుక్కున్నాడు. ఆ డబ్బుతో మిషను కొన్నాం, షెడ్డు తలుపు తీసిపెట్టుకునే దాని ముందు నడుం వంచాను.